నందిగ్రామంలో 14 ఏళ్లు: స్వామి తిరిగి వచ్చేదాకా ఎలా బతకాలి?



ఈ వారం వీడియోలో పాదుకా పట్టాభిషేకం గురించి చెప్పుకున్నాం. వీడియో నిడివి తక్కువ కాబట్టి కథ వరకే చెప్పి ఆపేశాను. ఆ కథ మన రోజువారీ బతుకులో ఎక్కడ పనికొస్తుందో ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. వీడియో చూడనివాళ్లు కూడా దీన్ని విడిగా చదువుకోవచ్చు.

ఈ ప్రశ్న ఎక్కడ మొదలైందంటే

నిజం చెప్పాలంటే ఈ ఆలోచన నాకు రామాయణం చదువుతుంటే రాలేదు. ఆఫీసులో టీ తాగుతుంటే వచ్చింది.

నా పక్క సీటు అతనిది గుంటూరు. క్రైస్తవ కుటుంబం. డిసెంబరు మొదటి వారంలో "ఏం బ్రో, క్రిస్మస్ సందడి మొదలైందా?" అని అడిగాను. "ఇంకా లేదు బ్రో, ఇప్పుడు మాకు ఆగమన కాలం" అన్నాడు. అంటే ఏంటని అడిగితే చెప్పాడు. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు వాళ్లకి ఎదురుచూపు రోజులట. అందులో రెండు ఎదురుచూపులున్నాయి. క్రీస్తు పుట్టిన రోజు కోసం ఒకటి, ఆయన రెండవ రాకడ కోసం ఇంకొకటి.

"మరి ఎప్పుడొస్తాడు?" అన్నాను.

"ఆ రోజు ఎవరికీ తెలియదు. మా గ్రంథంలోనే అలా ఉంది."

"తెలియకుండా రెండు వేల ఏళ్లుగా ఏం చేస్తున్నారు మరి?" కొంచెం వెటకారంగానే అడిగాను.

అతను నొచ్చుకోలేదు. ఒక కథ చెప్పాడు. ఒక యజమాని దూరదేశం వెళ్తూ ముగ్గురు పనివాళ్లకి డబ్బు అప్పజెప్తాడు. ఒకడికి ఐదు తలాంతులు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేస్తారు. మూడోవాడు భయపడి గొయ్యి తవ్వి పాతిపెడతాడు. చాలాకాలానికి యజమాని వచ్చి లెక్క అడుగుతాడు. మొదటి ఇద్దరినీ మెచ్చుకుంటాడు. ఇచ్చింది ఇచ్చినట్టే తెచ్చిచ్చిన మూడోవాడికి మాత్రం చీవాట్లు పడతాయి. "అందుకని రోజులు లెక్కపెట్టడం మా పని కాదు బ్రో. అప్పజెప్పింది చూసుకోవడమే మా పని" అన్నాడు. తర్వాత, "మీకు ఇలాంటిది ఏమైనా ఉందా?" అని అడిగాడు.

ఉంది అనేశాను గానీ అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. ఇంటికెళ్లేటప్పుడు మెట్రోలో తట్టింది. భరతుడు!

రెండూ ఒకటే అనడం నా ఉద్దేశం కాదు. వాళ్ల విశ్వాసం వాళ్లది, మనది మనది. అతను అడగబట్టి నేను నా రామాయణాన్ని మళ్లీ తెరిచాను. అంతే.

పాదుకలు ఎందుకు అడిగాడు

కథ మీకు తెలిసిందే. మేనమామ ఇంటి నుంచి వచ్చేసరికి తండ్రి లేడు, అన్న అడవిలో ఉన్నాడు. రాజ్యం నీదే అని అందరూ అంటున్నారు. భరతుడు వద్దన్నాడు. తల్లులనీ, మంత్రులనీ, సైన్యాన్నీ వెంటబెట్టుకుని చిత్రకూటం వెళ్లాడు. దారిలో గుహుడు అనుమానించాడు. అక్కడికి చేరాక సైన్యాన్ని దూరం నుంచి చూసి లక్ష్మణుడు కూడా అనుమానించాడు. ఏ తప్పూ చేయని మనిషి ఎక్కడికెళ్లినా ముందు అనుమానమే ఎదురైంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

రాముడు తిరిగి రానన్నాడు. తండ్రి మాట 14 ఏళ్లు, కాబట్టి 14 ఏళ్లే. భరతుడు దర్భలు పరుచుకుని నిరాహారంగా పడుకుంటానన్నా వినలేదు. చివరికి భరతుడు పాదుకలు అడిగాడు. రాముడు వాటిని ఒకసారి తొడిగి విడిచి ఇచ్చాడు. అప్పుడు భరతుడు ఏం మాటిచ్చాడో చూడండి. ఈ 14 ఏళ్లూ జడలు కట్టుకుని, నారచీరలు కట్టి, పళ్లూ దుంపలూ తింటూ నగరం బయటే ఉంటానన్నాడు. రాజ్యభారం పాదుకల మీద పెడతానన్నాడు. గడువు నిండిన మర్నాడు నువ్వు కనిపించకపోతే అగ్నిలో దూకుతానన్నాడు.

మామూలుగా మనం ఈ కథలో త్యాగాన్ని చూస్తాం. అది ఉంది, కాదనను. కానీ భరతుడు అన్నీ వదిలేసి అడవికి పోలేదు. పోయుంటే ఒక రకంగా తేలిక. లక్ష్మణుడిలా అన్న పక్కనే ఉండొచ్చు, రోజూ ముఖం చూసుకోవచ్చు. భరతుడికి దొరికింది కష్టమైన భాగం. స్వామి కళ్లముందు లేడు, స్వామి పని మాత్రం కళ్లముందే ఉంది.

మన పరిస్థితి కూడా ఇదే కదా. మనలో ఎంతమందికి దర్శనం అయింది? పని మాత్రం రోజూ ఉంటుంది.

ఎదురుచూపు అంటే ఊరికే కూర్చోవడం కాదు

అయోధ్యకాండలో, మన దగ్గర ఎక్కువగా దొరికే ప్రతుల్లో 100వ సర్గ, తప్పకుండా చదవండి. చిత్రకూటంలో తమ్ముణ్ని చూడగానే రాముడు వరసగా ప్రశ్నలు వేస్తాడు. అవి చాలావరకు పరిపాలన గురించే. సైనికులకి జీతం, భోజనం వేళకి అందుతున్నాయా? ఆదాయం కంటే ఖర్చు తక్కువగా ఉందా? మరీ ఎక్కువ నిద్రపోవడం లేదు కదా? నిర్ణయాలు నువ్వొక్కడివే తీసేసుకోవడం గానీ, మరీ ఎక్కువమందిని కూర్చోబెట్టి చర్చించడం గానీ చేయడం లేదు కదా? వేలమంది మూర్ఖుల కంటే తెలివైనవాడు ఒక్కణ్ని దగ్గర పెట్టుకుంటున్నావా? చేయని నేరానికి నిందపడ్డవాళ్ల కన్నీళ్లు రాజుని వదలవని కూడా హెచ్చరిస్తాడు.

మొదటిసారి చదివినప్పుడు ఇదేంటి ఇక్కడ అనుకున్నాను. తమ్ముడు ఏడుస్తూ వస్తే జీతాల సంగతి అడుగుతాడేంటి? ఇప్పుడు చదివితే అర్థమవుతోంది. భరతుడు ఆ తర్వాత చేయబోయే 14 ఏళ్ల పనికి జాబితా అదే. పాదుకలు చేతికొచ్చేలోపే పని వివరం చెవిలో పడింది.

నందిగ్రామం అయోధ్యకి ఒక క్రోశం దూరం అంటాడు వాల్మీకి. ఇప్పుడు అయోధ్య జిల్లాలో ఉన్న భరత్‌కుండ్‌ని నందిగ్రామంగా భక్తులు దర్శించుకుంటారు. అక్కడ భరతుడు పాదుకలకి పట్టాభిషేకం చేశాడు. తానే గొడుగు పట్టాడు, వింజామర వీచాడు. ఏ పనైనా ముందు పాదుకలకి విన్నవించాకే చేశాడు. ఎవరు ఏ కానుక తెచ్చినా ముందు పాదుకల దగ్గర పెట్టాడు. ఆ పైన రాజ్యం నడిపాడు. అంటే జపం ఒక పక్క, ఉద్యోగం ఒక పక్క అని విడగొట్టుకోలేదు. ఉద్యోగాన్నే తీసుకెళ్లి పాదుకల ముందు పెట్టాడు.

ఫలితం యుద్ధకాండ చివర్లో కనిపిస్తుంది. రాముడు తిరిగొచ్చాక భరతుడు స్వయంగా పాదుకలు ఆయన కాళ్లకి తొడిగాడు. తర్వాత ధనాగారం, ధాన్యాగారం, నగరం, సైన్యం అన్నీ చూసుకోమన్నాడు. నీ తేజస్సు వల్ల అన్నీ పదింతలు చేశానని చెప్పాడు. నా తెలివి వల్ల అనలేదు.

పదింతలు! నారచీర కట్టుకుని, దుంపలు తిని బతికిన మనిషి ఖజానాని పదింతలు చేశాడు. భక్తి ఉంటే లోకం మీద ఆసక్తి పోతుంది, పనిలో వెనకబడతాం అనుకునేవాళ్లకి ఈ ఒక్క లెక్క చాలు. తనకోసం ఏమీ వద్దనుకున్నవాడు పని మాత్రం ఎవరికీ తీసిపోకుండా చేశాడు.

ఇది నాది కాదు

భరతుడు వాడిన మాట 'న్యాసం'. అంటే నమ్మి దాచమని ఇచ్చిన సొత్తు. నందిగ్రామం చేరగానే అదే అన్నాడు, తిరిగి అప్పగించేటప్పుడూ అదే అన్నాడు. మధ్యలో 14 ఏళ్లు గడిచాయి గానీ మాట మారలేదు.

అది ఎంత కష్టమో రాముడికి తెలుసు. లంక నుంచి వస్తూ, 14 ఏళ్లు నిండిన పంచమి రోజున భరద్వాజాశ్రమంలో ఆగాడు. అక్కడి నుంచి హనుమంతుణ్ని ముందుగా భరతుడి దగ్గరికి పంపాడు. నేను వస్తున్నానని చెప్పినప్పుడు అతని ముఖం ఎలా ఉందో, మాట, చూపు ఎలా ఉన్నాయో గమనించమన్నాడు. ఏనుగులూ గుర్రాలూ రథాలూ ఉన్న తాతతండ్రుల రాజ్యం ఎవరి మనసునైనా తిప్పుతుంది, ఇన్నాళ్లు ఏలిన భరతుడికి అది కావాలనిపిస్తే అతన్నే ఏలుకోనిద్దాం అన్నాడు.

ఇక్కడ రాముడికి తమ్ముడి మీద నమ్మకం లేదని నాకు అనిపించలేదు. కాలం మీద ఆయనకి భ్రమలు లేవు. ఎక్కువకాలం చూసుకున్న వస్తువు మనదే అనిపించడం సహజం. అద్దె ఇల్లైనా అంతే, ఆఫీసులో పదవైనా అంతే. ఎదురుచూపులో ఇది పెద్ద ప్రమాదం. యజమాని రావట్లేదు అనే నిరాశ ఒకటైతే, రాకపోతేనే బాగుండు అనే రహస్యపు కోరిక ఇంకొకటి. రెండోది బయటికి కనపడదు.

హనుమంతుడు వెళ్లి చూస్తే భరతుడు చిక్కిపోయి, జడలు కట్టి, నారచీరలో ఉన్నాడు. చుట్టూ ఉన్న మంత్రులూ సేనాపతులూ కూడా కాషాయాలు కట్టుకున్నారు. కబురు వినగానే భరతుడు ఆనందంతో మూర్ఛపోయాడు. హనుమంతుడు ఇక ముఖం పరిశీలించాల్సిన పనే లేకపోయింది.

మనం గుడికెళ్తే అర్చకస్వామి నెత్తిన శఠగోపం పెడతారు కదా. దాని మీద ఉండేవి స్వామి పాదుకలే. భరతుడు నెత్తిన పెట్టుకున్నవే మనకి కొన్ని సెకన్లపాటు దొరుకుతున్నాయన్నమాట. తమాషా ఏంటంటే, మన తెలుగులో "నాకు శఠగోపం పెట్టాడు" అంటే మోసం చేశాడని అర్థం! ఆలోచిస్తే, పాదుకలు నెత్తిన పెట్టించుకుని బయటికొచ్చి ఇదంతా నాదే అనుకుంటే మోసం చేసుకున్నది మనల్ని మనమే.

పాదుకల మీదే వేదాంత దేశికులు 1008 శ్లోకాలతో పాదుకాసహస్రం రాశారు. మన తెలుగులో పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు పాదుకా పట్టాభిషేకం నాటకం రాశారు. ఒక జత చెప్పుల గురించి ఇంత ఉందా అంటే, ఉంది. కంటికి కనపడని యజమానికి కనపడే గుర్తు అదే మరి.

కైకేయి ఉన్న ఊళ్లోనే

ఈ భాగం వీడియోలో చెప్పలేదు. చెప్పాలంటే గొంతు పట్టేసింది.

చిత్రకూటం నుంచి పంపేటప్పుడు రాముడు భరతుడికి ఇంకో మాట కూడా చెప్పాడు. అమ్మ కైకేయిని చూసుకో, ఆమె మీద కోపం పెట్టుకోకు అని. తన మీదా సీతమ్మ మీదా ఒట్టు పెట్టి మరీ చెప్పాడు. పాదుకల గురించి అడిగింది భరతుడు. దీని గురించి అడిగింది మాత్రం రాముడు.

ఆలోచించండి. నీ పేరు పాడుచేసిన మనిషిని, నిన్ను ఊరంతా అనుమానించేలా చేసిన మనిషిని, స్వామి వచ్చేదాకా నువ్వే చూసుకోవాలి. ఖజానా పెంచడం కంటే ఇదే కష్టం అనిపిస్తుంది నాకు.

మా అన్న అమెరికాలో ఉంటాడు. వీసా స్టాంపింగ్ భయంతో నాలుగేళ్లుగా ఇంటికి రాలేదు. నాన్నకి డయాలసిస్ మొదలైనప్పటి నుంచి వారానికి మూడుసార్లు తీసుకెళ్లేది నేను. సాయంత్రం అన్న వీడియో కాల్ చేస్తే అమ్మ ముఖం వెలిగిపోతుంది. పొద్దుట్నుంచీ పక్కనే ఉన్న నన్ను "ఆ లైటు వెయ్యరా, అన్నయ్యకి కనపడట్లేదంట" అంటుంది. చిన్న విషయమే. కానీ నేను లోపల ఒక బిల్లు రాసుకుంటూ వచ్చాను. ఎన్నిసార్లు సెలవు పెట్టాను, ఎంత ఖర్చుపెట్టాను, ఏ ఆన్‌సైట్ అవకాశం వదులుకున్నాను, అన్నీ. అన్న వచ్చిన రోజు ఆ బిల్లు చేతిలో పెట్టాలని.

భరతుణ్ని మళ్లీ చదివాక ఒకటి తగిలింది. 14 ఏళ్ల తర్వాత అన్న ఎదుట నిలబడ్డప్పుడు భరతుడు బిల్లు ఇవ్వలేదు. లెక్క అప్పజెప్పాడు. రెండూ కాగితం మీద ఒకేలా ఉంటాయి, మనసులో మాత్రం ఒకటి కాదు. నేను ఎంత పోగొట్టుకున్నానో చెప్పేది బిల్లు. నువ్విచ్చింది ఎలా ఉందో చెప్పేది లెక్క.

నేను మారిపోయాను అని రాయలేను. నిన్న కూడా విసుక్కున్నాను. కాకపోతే ఇప్పుడు డయాలసిస్‌కి బయల్దేరే ముందు నాన్న చెప్పులు నేనే తీసి పెడుతున్నాను. ఆ ఒక్క నిమిషం భరతుడు గుర్తొస్తాడు.

తేదీ తెలిస్తే ఒకలా, తెలియకపోతే ఇంకోలా

మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. భరతుడికి తేదీ తెలుసు కదా, 14 ఏళ్లని. మనకి తేదీ లేదు, మరి?

అప్పుడు శబరి దగ్గరికి వెళ్లాలి. పంపా తీరంలో మతంగ మహర్షి ఆశ్రమం. రాముడు చిత్రకూటం చేరిన సమయంలోనే ఆమె సేవించిన మునులు దేహం విడిచి వెళ్లిపోయారు. రాముడు ఈ ఆశ్రమానికి వస్తాడు, ఆతిథ్యం ఇవ్వు అని చెప్పి వెళ్లారు. ఎప్పుడని చెప్పలేదు. అక్కడి నుంచి రాముడు వచ్చేదాకా పదేళ్లు దాటాయి. ఆమె రాముడి కోసం అడవిలో పళ్లూ కాయలూ సేకరించి పెట్టింది. పళ్లు కొరికి ఎంగిలి చేసి పెట్టిందనే కథ తర్వాతి భక్తుల సంప్రదాయం, వాల్మీకంలో లేదు. కానీ వాల్మీకంలో ఉన్నదే చాలు. తేదీ తెలియనివాళ్లకి ఒకటే దారి, ప్రతిరోజూ సిద్ధంగా ఉండటం.

తేదీ తెలియకపోతే లెక్కలు కట్టాలనే దురద పుడుతుంది. 19వ శతాబ్దంలో అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు బైబిల్ ఆధారంగా లెక్కలు వేసి క్రీస్తు రాకడ దగ్గరపడిందన్నాడు. చివరికి 1844 అక్టోబరు 22 అని తేదీ స్థిరపడింది. వేలమంది నమ్మారు. కొందరు పొలాల్లో పంట కోయకుండానే వదిలేశారు. ఆ రోజు వచ్చింది, వెళ్లింది. చరిత్రలో దాన్ని మహా నిరాశ అంటారు. మా కొలీగ్‌కి ఇది చెప్తే, "అందుకే కదా బ్రో, తేదీ మా చేతిలో పెట్టలేదు" అని నవ్వాడు.

మనం నవ్వుకునే పరిస్థితేమీ లేదు. ఏ ఉపద్రవం వచ్చినా వారం తిరక్కుండా బ్రహ్మంగారి కాలజ్ఞానం పేరుతో, కల్కి వచ్చేస్తున్నాడు అంటూ రీల్స్ తిరుగుతాయి. మన పురాణాల లెక్కలో కలియుగం 4,32,000 ఏళ్లు. సంప్రదాయం ప్రకారం అది క్రీ.పూ. 3102లో మొదలైంది. అంటే ఇంకా 4,26,000 ఏళ్లకు పైనే ఉంది. వచ్చే ఏడాదే కల్కి అనేవాడు ఈ చిన్న తీసివేత కూడా చేయలేదన్నమాట. తేదీ చెప్పి భయపెట్టేవాళ్ల దగ్గర ఒక్కటే చూడండి. వాళ్ల మాట విన్నాక మీరు మీ పని మరింత శ్రద్ధగా చేస్తున్నారా, లేక పంట వదిలేస్తున్నారా?

ఈ వారం సాధన

ఎక్కువ చెప్పను. నాలుగే.

1. మీ చేతిలో ఉన్నవాటిలో ఒకదాన్ని న్యాసంగా ఎంచుకోండి. ఉద్యోగం, అమ్మానాన్నల ఆరోగ్యం, చదువు, ఏదైనా సరే. పొద్దున పని మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం దాన్ని స్వామి పాదుకల ముందు పెట్టినట్టు అనుకోండి. రాత్రి పడుకునే ముందు లెక్క చెప్పండి.

2. ఆ లెక్కలో బిల్లు కలవకుండా చూసుకోండి. కలిస్తే కంగారు పడొద్దు, కొట్టేసి మళ్లీ రాయండి.

3. మీ ఇంట్లో, ఆఫీసులో ఒక కైకేయి ఉండే ఉంటారు. ఈ వారం వాళ్లకి ఒక్క పని మంచి మనసుతో చేసిపెట్టండి. ఎవరికీ చెప్పొద్దు, స్టేటస్ పెట్టొద్దు.

4. ఈసారి గుడిలో శఠగోపం పెట్టేటప్పుడు తల వంచి ఒక్క క్షణం భరతుణ్ని తలుచుకోండి.

స్వామి ఎప్పుడొస్తాడో మన చేతిలో లేదు. వచ్చినప్పుడు మనం ఏం అప్పజెప్తామో అది మన చేతిలో ఉంది. ఇవాళ సోమవారం, నాన్న డయాలసిస్ రోజు. బయల్దేరాలి. చెప్పులు తీసి పెట్టాలి.

వచ్చే వారం గుహుడి గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు.

జై శ్రీరామ్.